సిద్దిపేట రైలు ఎక్కి చూశాము



సిద్దిపేటలో పుట్టి పెరిగిన తరాలకు తరాలు రైలు ఎక్కాలంటే ముందు బస్సు ఎక్కవలసి వచ్చేది. సికింద్రాబాదుకో, కాజీపేటకో, కామారెడ్డికో బస్సులో పోయి, అక్కడ రైలు అందుకోవాలి. ముసలివారిని, పసిపిల్లలను, మూటాముల్లెను తీసుకుని బస్సు దిగి, ఆటో ఎక్కి, స్టేషను చేరేసరికే సగం ప్రయాణం చేసినంత అలసట. మన ఊరి పిల్లలు రైలు బొమ్మను పుస్తకంలో చూసి గీసేవారే గాని, కూత విని గీసినవారు కారు.

2023 అక్టోబరు 3న ఆ పరిస్థితి మారింది. ఆ రోజు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ నిజామాబాదు సభ నుంచి మనోహరాబాద్–సిద్దిపేట రైలు మార్గాన్ని జాతికి అంకితం చేసి, సిద్దిపేట–సికింద్రాబాద్ రైలును ప్రారంభించారు. ఆ వారంలోనే మా సంఘంలోని నాలుగు కుటుంబాలతో కలిసి మేము ఆ రైలు ఎక్కాము. ఆ తరువాత కూడా పలుమార్లు అందులో ప్రయాణం చేశాము. రైలు వచ్చిందని సంతోషించడం ఒక ఎత్తు. ఆ రైలు మన ఇంటికి ఏ పనికి వస్తుంది, ఎవరికి ఎక్కువ మేలు చేస్తుంది, దానితో పాటు ఏ జాగ్రత్తలు వచ్చిపడ్డాయి అని ఇంటిల్లిపాది కూర్చుని ఆలోచించుకోవడం మరొక ఎత్తు. ఈ రెండో పనికి తోడ్పడాలనే మేము చూసినవి, తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాము.

నూరేళ్లు పక్కనుంచి పోయిన రైలు

నిజాం కాలంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం వచ్చింది. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడు దాకా గోదావరి లోయ రైలు మార్గం వేశారు. అది మీటరుగేజి లైను. మన పాత మెదక్ జిల్లా గుండానే పోయింది గాని సిద్దిపేట వైపు తిరగలేదు. తూర్పున కాజీపేట నుంచి బల్లార్షా వైపు మరొక లైను పడింది. ఈ రెండు లైన్ల మధ్య గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ ప్రాంతమంతా రైలు లేకుండా మిగిలిపోయింది. పత్తి, మొక్కజొన్న, ధాన్యం పండే నేల ఇది. సిరిసిల్ల మరమగ్గాలు, సిద్దిపేట గొల్లభామ చీరలు నలుగురికీ తెలిసినవే. అయినా సరుకు గాని మనిషి గాని కదలాలంటే రోడ్డే దిక్కు.

జిల్లా కేంద్రమైన మెదక్ పట్టణానిది కూడా ఇదే కథ. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్‌ను చూడటానికి ఏటా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అటువంటి ఊరికి రైలు చేరడానికి 2022 సెప్టెంబరు దాకా ఆగవలసి వచ్చింది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు వేసిన ఆ ముక్క పొడవు 17 కిలోమీటర్లు మాత్రమే.

మన లైను సంగతికి వస్తే, మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల మార్గానికి 2006–07లో మంజూరు వచ్చింది. అప్పటి అంచనా సుమారు 1160 కోట్ల రూపాయలు. రాష్ట్రం ఖర్చులో మూడో వంతు భరించాలి, భూమి ఉచితంగా ఇవ్వాలి, రైలు నడిచిన మొదటి ఐదేళ్లు నష్టం వస్తే అదీ పూడ్చాలి అన్న షరతుల మీద పని సాగింది. మంజూరుకూ శంకుస్థాపనకూ మధ్యనే పదేళ్లు గడిచాయి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో, మిషన్ భగీరథ ప్రారంభమైన సభలోనే, ఈ లైనుకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో సిద్దిపేట జిల్లా అయింది. 2020 నాటికి గజ్వేల్ దాకా పట్టాలు పడ్డాయి. 2022లో గజ్వేల్‌కు ఎరువుల గూడ్సు బండి వచ్చింది. 2023లో సిద్దిపేట చేరింది. మనోహరాబాద్ నుంచి సిద్దిపేట దాకా 76 కిలోమీటర్లు. దీనికే 1200 కోట్లకు పైగా ఖర్చయిందని ప్రభుత్వం ప్రకటించింది. మొదట మొత్తం లైనుకు వేసిన అంచనా సగం దారికే చాలలేదన్నమాట. ఆలస్యానికి ధర ఎంతో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మనుషుల కంటే ముందు పరీక్ష

కొత్త లైను వేయగానే ప్రయాణికులను ఎక్కించరు. మనలో చాలామందికి తెలియని ఒక ఏర్పాటు ఇక్కడ ఉంది. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం, కొత్త మార్గాన్ని భద్రతా కమిషనరు స్వయంగా తనిఖీ చేసి, మనుషుల ప్రయాణానికి యోగ్యమైనదని నివేదిక ఇచ్చి, అనుమతి వచ్చిన తరువాతనే రైలు నడపాలి. ఈ కమిషనరు రైల్వే శాఖ కింద పనిచేయరు. పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. లైను వేసినవారు ఒకరు, చూసి సరేననేవారు వేరొకరు. వండినవారే రుచి చూసి బాగుందంటే చాలదు గదా!

కమిషనరు మోటారు ట్రాలీ మీద మెల్లగా పోతూ వంతెనలు, మలుపులు, కంకర కట్ట, పట్టాల అతుకులు, పాయింట్లు, సిగ్నళ్లు ఒక్కొక్కటే చూస్తారు. తరువాత ప్రత్యేక రైలును వేగంగా నడిపి, ఆ వేగానికి దారి తట్టుకుంటున్నదా లేదా పరీక్షిస్తారు. లోపం కనబడితే దిద్దిన తరువాతనే అనుమతి. లేకుంటే ఫలానా చోట ఇంత వేగం మించరాదని హద్దు పెడతారు. హైదరాబాదు మెట్రోకు కూడా ఇటువంటి అనుమతులన్నీ వచ్చాకనే తలుపులు తెరిచారు. గజ్వేల్, కొడకండ్ల, దుద్దెడ, సిద్దిపేట అంటూ మన లైను ముక్కలు ముక్కలుగా పూర్తయింది. అందుకే ఇంజను వచ్చి పోయిందని ఊరంతా చెప్పుకున్న తరువాత కూడా టిక్కెట్టు ఇవ్వడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో విసుక్కున్నవారు చాలామంది. కాని ఇంటిల్లిపాది ఎక్కే బండికి ఆ మాత్రం పరీక్ష ఉండవలసిందే.

ఉదయపు బండిలో

మేము బయలుదేరినది అక్టోబరు నెలలో ఒక శనివారం ఉదయం. స్టేషను ఊరి చివర ఉంది. కొత్త కట్టడం గనుక రంగు వాసన ఇంకా పోలేదు. టిక్కెట్టు కిటికీ దగ్గర వరుస చాలా పొడవుగా ఉంది. ఆ వరుసలో పని మీద పోయేవారు కొందరైతే, రైలు ఎక్కి చూద్దామని వచ్చినవారే ఎక్కువ. కొత్త బట్టలు కట్టుకుని వచ్చిన పిల్లలు, గజ్వేల్ దాకా పోయి బస్సులో తిరిగి వద్దామనుకున్న కుర్రవాళ్లు, రైలు ముందు నిలబడి ఫోటో తీయించుకుంటున్న కొత్త దంపతులు కనబడ్డారు.

బండి డెమూ రకం. అంటే దీనికి విడిగా ఇంజను తగిలించనక్కరలేదు. చివరి పెట్టెలోనే డీజిలు ఇంజను ఉంటుంది. అది కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో చక్రాల మోటార్లను తిప్పుతుంది. రెండు చివరలా డ్రైవరు కూర్చునే గది ఉంటుంది. కాబట్టి ఊరు చేరాక ఇంజనును విప్పి అటువైపు తిప్పే పని లేదు. డ్రైవరు ఈ చివర దిగి ఆ చివరకు నడిచి పోతే చాలు. చిన్న దూరాలకు, ఎక్కువ ఆగే స్టేషన్లకు ఈ బండి అనువైనది.

మా పెట్టెలో ఎదురుగా ఒక అవ్వ కూర్చుంది. కొడుకు ఆమెను కిటికీ పక్కకు జరిపాడు. మేము పలకరించగానే ఆమే చెప్పసాగింది.

“ఇన్నేండ్లల్ల నేను రైలు ఎక్కుడు ఇదే మొదలు అయ్యగారూ. బస్సెక్కితే కడుపుల తిప్పుతది. అందుకే మా బిడ్డ పట్నంల ఉన్నా పోవుడు బంద్ జేసిన. మనుమడు పుట్టి ఏడాదాయె, ఇంకా సూడలే.”

“ఇప్పుడెట్లున్నది పెద్దమ్మా?” అని మాతో వచ్చిన పాస్టరమ్మగారు అడిగారు.

“ఇంట్ల కూసున్నట్టే ఉన్నది బిడ్డా. కాళ్లు సాపుకోవచ్చు. లేసి నడవొచ్చు.”

ఆ అవ్వ మాటల్లో ఈ రైలు విలువ మాకు అర్థమైంది. రైలు ఎంత వేగంగా పోతుందని మగవారు లెక్కలు వేస్తారు. లేచి నడవవచ్చు, కాళ్లు చాపుకోవచ్చు, కడుపులో తిప్పదు అన్న మూడు మాటలు ముసలివారికీ, గర్భిణులకూ, చిన్నపిల్లల తల్లులకూ వేగం కన్నా గొప్పవి.

దుద్దెడ దాటాక రెండు వైపులా పత్తి చేలు, మధ్య మధ్య వరి మళ్లు, రాతి గుట్టలు. బస్సులో పోయేటప్పుడు రాజీవ్ రహదారి పక్కన హోటళ్లు, పెట్రోలు బంకులు కనబడతాయి. రైలులో పోయేటప్పుడు ఊళ్ల వెనక భాగం, బావులు, పశువుల కొట్టాలు, పొలాల గట్లు కనబడ్డాయి. పిల్లలు వాగు కనబడినప్పుడల్లా అరిచారు. తట్టలో సీతాఫలాలు పెట్టుకుని ఒకామె ఎక్కింది. సికింద్రాబాదు చేరకముందే సగం తట్ట పెట్టెలోనే అమ్ముడుపోయింది.

కొడకండ్ల దగ్గర ఎక్కిన ఒక పెద్దాయన మా పక్కన కూర్చున్నాడు. కిటికీలో నుంచి ఒక చోట చూపించి, “గా చేను మాదే. మధ్యలకెల్లి పోయింది రైలుకట్ట” అన్నాడు. నష్టపరిహారం అందిందా అని అడిగాము.

“వచ్చినయి. ఇల్లు కట్టిన, చిన్నదాని పెండ్లి జేసిన, అయిపోయినయి. ఇప్పుడు అవతలి ముక్కకు ఎద్దులను తోలుకపోవాలంటే సుట్టు తిరిగి పోవాలె. గని ఏం జేద్దుం సారూ, అందరికి రైలు గావాలె గద.”

ఆయన గొంతులో కోపం లేదు. సంతోషమూ లేదు. ఆ మాట విన్న తరువాత మా పెట్టెలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన జిల్లా ఈ కొద్ది సంవత్సరాల్లో చాలా ఇచ్చింది. కొండపోచమ్మ సాగర్ 2020లో, మల్లన్నసాగర్ 2022లో ప్రారంభమయ్యాయి. వాటి కోసం ఊళ్లకు ఊళ్లే లేచి పోయాయి. రోడ్లు వెడల్పు చేయడానికీ భూములే కావాలి, రైలుకూ భూములే కావాలి. టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఈ ప్రయాణానికి పూర్తి ధర మనం చెల్లించినట్టు కాదు. కొంత ధర ముందే వేరొకరు చెల్లించి ఉన్నారు. మన పిల్లలకు ఈ సంగతి కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి.

గజ్వేల్, నాచారం దాటి మనోహరాబాద్ దగ్గర మన కొత్త లైను పాత నిజామాబాదు లైనులో కలుస్తుంది. అక్కడి నుంచి మేడ్చల్, బొలారం, మల్కాజిగిరి మీదుగా సికింద్రాబాదు. మొత్తం మూడు గంటలకు అటూ ఇటూ పట్టింది.

సికింద్రాబాదులో దిగాక

పూర్వం పట్నంలో దిగిన పల్లె మనిషికి అసలు కష్టం అక్కడే మొదలయ్యేది. ఏ సిటీ బస్సు ఎక్కాలో తెలియదు, ఆటోవాడు ఎంత అడుగుతాడో తెలియదు. ఇప్పుడు మన రైలుకు తోడుగా నగరంలో మెట్రో ఉంది. ఈ రెండింటినీ కలిపి వాడుకోవడం నేర్చుకుంటే, ముఖ్యంగా ఆసుపత్రికి పోయే కుటుంబాలకు ఎంతో వీలు.

హైదరాబాదు మెట్రో మొదటి భాగం, నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు, 2017 నవంబరు 28న ప్రారంభమైంది. 2018లో ఎల్బీనగర్ దాకా, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా, 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వచ్చింది. అంతా కలిపి 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. రోడ్డు మధ్యన స్తంభాలు నిలిపి, వాటి మీద దారి వేశారు. కింద ట్రాఫిక్ ఎంత ఆగిపోయినా పైన బండి ఆగదు.

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు దగ్గరలో రెండు మెట్రో స్టేషన్లు ఉన్నాయి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే అమీర్‌పేట, హైటెక్ సిటీ వైపు గాని నాగోల్ వైపు గాని పోవచ్చు. సికింద్రాబాద్ వెస్ట్‌లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వైపు ఎక్కితే తరువాతి స్టేషనే గాంధీ ఆసుపత్రి. ఉస్మానియా ఆసుపత్రికి పోవలసినవారు అదే బండిలో చివరి దాకా పోయి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగవచ్చు. నిమ్స్‌కు పోయేవారు అమీర్‌పేటలో బండి మారి పంజాగుట్ట వైపు పోవాలి.

మాతో వచ్చిన ఒక కుటుంబానికి ఆ రోజు గాంధీలో పని ఉంది. తల్లికి మెట్రో మెట్లు చూసి భయం వేసింది. నడిచే మెట్ల మీద కాలు పెట్టనంటే పెట్టనని నిలబడిపోయింది. ప్రతి స్టేషనులో లిఫ్టు ఉంటుంది; సిబ్బందిని అడిగి అందులో తీసుకుపోయాము. పెద్దవారిని మెట్రోలో తీసుకుపోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తొందరపెట్టి చేయి లాగి కదిలే మెట్ల మీదికి ఎక్కించవద్దు. చీర కుచ్చెళ్లు, చున్నీలు అందులో చిక్కుకుంటే ప్రమాదం.

వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోయే కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో. వారు హైదరాబాదు వచ్చి, అక్కడి నుంచి కాట్పాడి దాకా పోయే రైలు ఎక్కాలి. ఇదివరకు బస్సు సామాను, రైలు సామాను రెండుసార్లు మోసేవారు. ఇప్పుడు మొదటి మెట్టు కూడా రైలే అయింది. అయితే సికింద్రాబాదు స్టేషనును కొత్తగా కట్టే పనికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ పనుల వల్ల కొన్ని రైళ్లను మల్కాజిగిరి, చర్లపల్లి వంటి స్టేషన్లకు మార్చారు. కాబట్టి మీ బండి ఎక్కడ ఆగుతుందో, రెండో బండి ఎక్కడ ఎక్కాలో బయలుదేరే ముందు రోజే 139 నంబరుకు ఫోను చేసి అడగండి. మధ్యలో కనీసం రెండు మూడు గంటల వ్యవధి ఉంచుకోండి.

బస్సా, రైలా?

తిరిగి వచ్చేటప్పుడు మా మధ్య ఇదే చర్చ. యువకుడొకడు లెక్క కట్టాడు. బస్సు రెండు గంటలకు కొంచెం అటూ ఇటూగా జూబ్లీ బస్‌స్టేషన్ చేరుస్తుంది. రైలు మూడు గంటలు. బస్సు పొద్దుటి నుంచి రాత్రి దాకా వస్తూనే ఉంటుంది. రైలు మొదలైనప్పుడు రోజుకు రెండు పోవడాలు, రెండు రావడాలు. పైగా 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం ఇచ్చింది. అంటే రైలు వచ్చిన రెండు నెలలకే, ఇంటి ఆడవారికి బస్సు టిక్కెట్టు లేకుండా పోయింది. ఖర్చు చూసి చేయి అదుపులో పెట్టుకునే ఇల్లాలు బస్సే ఎక్కుతుంది. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

మరి రైలు ఎవరికి? మేము చూసినంతలో, పట్నంలో రోజూ ఉద్యోగానికి పోయి సాయంత్రానికి ఇల్లు చేరుదామనుకునేవారికి ఈ రైలు ఇంకా సరిపోదు. రోజుకు ఆరు గంటలు దారిలోనే గడిస్తే భార్యాబిడ్డలతో గడపడానికి ఏమి మిగులుతుంది? వారానికొకసారి ఊరికి వచ్చే విద్యార్థికి, బస్సు పడని ముసలివారికి, రోగులకు, సామానుతో పోయే చిన్న వ్యాపారులకు, దూరపు రైళ్లు అందుకోవలసినవారికి ఇది మేలైనది. ఐదేళ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం చార్జీ. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి పోయినప్పుడు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. ఎక్కేవారు లేకపోతే బండ్లు పెరగవు. బండ్లు పెరగకపోతే ఎక్కేవారు పెరగరు. ఈ ముడి ఎక్కడో ఒక చోట విప్పాలి. రైలు వేళలకు స్టేషను దాకా సిటీ బస్సో, షేరు ఆటోనో ఉంటే సగం ముడి వీడుతుంది. ఊరి చివర స్టేషనుకు తెల్లవారుజామున ఒంటరి ఆడపిల్ల ఎట్లా చేరాలి? రాత్రి బండి దిగిన ముసలాయన ఇంటికి ఎట్లా పోవాలి? రైలు ఎంత చౌక అయినా, స్టేషను దాకా ఆటోకు అంతకంటే ఎక్కువ ఇవ్వవలసి వస్తే పేదవాడు ఎక్కడు. ఊరి పెద్దలు, వర్తక సంఘాలు, కళాశాలలు కలిసి ఆర్టీసీకి, రైల్వేకు ఈ విషయమై అర్జీలు పెట్టాలి. మన సంఘాల మహిళా సమాజాలు, యువజన సమాజాలు కూడా ఆ అర్జీల మీద సంతకం చేయవచ్చు.

పట్టాలూ, పిల్లలూ

ఈ శీర్షిక కింద రాసేది ప్రతి ఇంట్లో గట్టిగా చదివి వినిపించమని కోరుతున్నాము. రైలు పక్కన పుట్టి పెరిగిన ఊళ్లకు రైలు భయం చిన్ననాటి నుంచే తెలుసు. మన ఊళ్లకు తెలియదు. నిన్నటి దాకా అది మన పొలం గట్టు. పశువులను తోలుకుపోయిన దారి, పిల్లలు బడికి అడ్డంగా నడిచిన దారి. నేడు అదే చోట ఎత్తు కట్ట మీద వేగంగా బండి పోతున్నది.

రైలు బస్సు వలె పక్కకు తప్పుకోలేదు. డ్రైవరు బ్రేకు వేసినా వందల మీటర్లు పోయి గాని ఆగదు. దూరం నుంచి చూస్తే మెల్లగా వస్తున్నట్టు కనబడుతుంది. అది కంటికి కలిగే భ్రమ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పట్టాల వెంట నడిచేవారికి కూత వినబడదు. సెల్ఫీ కోసం పట్టాల మీద నిలబడటం ప్రాణంతో ఆడుకోవడమే. అనుమతి లేకుండా పట్టాల మీదికి పోతే రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. రైలు మీద రాయి విసిరితే 153వ సెక్షను కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆటగా విసిరిన రాయి కిటికీ పక్కన కూర్చున్న ఏ తల్లి కంట్లోనో తగులుతుంది. ఆ కిటికీ పక్కన మన అవ్వే ఉండవచ్చు.

కొత్త లైన్లలో వీలైనచోటల్లా గేట్లు పెట్టకుండా, రోడ్డును రైలుకట్ట కిందుగానో పైగానో తీసుకుపోతారు. చుట్టు అయినా ఆ దారినే పోవాలి. వానాకాలంలో కింది దారిలో నీళ్లు నిలిస్తే పిల్లలు కట్ట ఎక్కి అడ్డంగా దాటే ప్రమాదం ఉంది. అటువంటి చోటు మీ ఊరిలో ఉంటే పంచాయతీకి, స్టేషనుకు వెంటనే రాసి ఇవ్వండి. గొర్ల కాపరులకు బండ్ల వేళలు చెప్పండి. ఆదివారపు బడి టీచర్లు, తల్లిదండ్రులు ఏడాదికి రెండుసార్లయినా పిల్లలకు ఈ పాఠం చెప్పాలి. కదిలే బండి ఎక్కవద్దు, దిగవద్దు, తలుపు దగ్గర వేలాడవద్దు, కారణం లేకుండా చెయిను లాగవద్దు.

ఇంకా మిగిలిన దారి

సిద్దిపేట ఈ లైనుకు చివరి ఊరు కాదు. సిరిసిల్ల, వేములవాడ మీదుగా కొత్తపల్లి చేరితేనే పని పూర్తి. కొత్తపల్లి దగ్గర అది పెద్దపల్లి–నిజామాబాద్ లైనులో కలుస్తుంది. ఆ లైను 2017లో పూర్తయింది. రెండూ కలిస్తే కరీంనగర్ నుంచి హైదరాబాదుకు మన ఊరి మీదుగా దారి పడుతుంది. అప్పుడు మన స్టేషను దూరపు బండ్లు ఆగిపోయే జంక్షను దారి అవుతుంది, సిరిసిల్ల బట్టకు, మన ధాన్యానికి గూడ్సు దారి దొరుకుతుంది. దానికి మానేరు మీద పెద్ద వంతెన కట్టాలి, ఇంకా భూములు కావాలి. అంటే మేము రైలులో చూసిన ఆ పెద్దాయన వంటివారు అటువైపు కూడా ఉన్నారు.

అందుచేత ఒక మాట మనవి చేస్తున్నాము. కొత్త రైలును మెచ్చుకునే ప్రతి ఇల్లు, దాని కోసం పొలం పోగొట్టుకున్న ఇల్లు మన వీధిలో, మన సంఘంలో ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. వారి పరిహారం పూర్తిగా అందిందా? మిగిలిన ముక్కకు బండి పోయే బాట ఉందా? కాగితాలు రాయడానికి చదువుకున్న పిల్లవాడి సాయం కావాలా? పరిహారం డబ్బు చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎట్లా దాచుకోవాలో, మళ్లీ భూమి కొనాలో, బ్యాంకులో వేయాలో చెప్పే పెద్దదిక్కు ఉన్నదా? ఇవి ప్రభుత్వ ఆఫీసులో అడగవలసిన ప్రశ్నలే. పొరుగువారిగా మనమూ అడగవలసినవి.

మీరు ఇంకా ఈ రైలు ఎక్కకపోతే, ఒక సెలవు రోజు ఇంట్లోని పెద్దవారిని తీసుకుని గజ్వేల్ దాకా అయినా పోయి రండి. టిక్కెట్టు తప్పక కొనండి. పెట్టెలో చెత్త వేయకండి. చెరకు పిప్పి, పల్లీ పొట్టు సంచిలో వేసుకుని దిగండి. బస్సు పడక ఇల్లు కదలని అవ్వ, తాత మీ వీధిలో ఎవరైనా ఉంటే వారికి ముందుగా కిటికీ పక్క చోటు ఇవ్వండి.